బయటికి వదిలిన మూల

ఆ సోమవారం చేయాల్సిన పనులు ఒక పాత కవరు వెనక రాసుకున్నాను. ఆ కవరు ఇంకా నా సంచిలోనే ఉంది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

అమ్మ గోళ్ళు తీయాలి.
ఆఫీసులో సెలవు చీటీ ఇవ్వాలి, ఇది నాలుగోది.
బాత్రూములో కాలు జారకుండా రబ్బరు పట్టా కొనాలి.
అమ్మతో అరిచి మాట్లాడొద్దని నాన్నకి ఇంకోసారి చెప్పాలి.
అమ్మ కుడికాలి చెప్పుకి వెనక పట్టీ కుట్టించాలి.
పదకొండింటికి మాటల పరీక్ష. అమ్మ కళ్ళజోడు మర్చిపోకూడదు.
గ్రూపులో పరిచయం రాయాలి.

మొదటి ఆరూ ఆ రోజే ఎలాగో అయ్యాయనిపించాను. ఏడోది ఇవాళ చేస్తున్నాను, పదకొండు వారాలు ఆలస్యంగా. ఆదివారం మధ్యాహ్నం. అమ్మ పడుకుంది. నాన్న వరండాలో రేడియో చిన్నగా పెట్టుకుని కూర్చున్నాడు. ఒళ్ళంతా అలసటగా ఉంది. ఎక్కడైనా తడబడితే సర్దుకుని చదవండి.

మన గ్రూపు నియమం మీకు తెలిసిందే. కొత్తగా చేరినవాళ్ళు వారం లోపల మూడు సంగతులు రాయాలి: తామెవరు, ఎవరిని చూసుకుంటున్నారు, ఇక్కడ ఆ పేరే ఎందుకు పెట్టుకున్నారు. మాట పోయినవాళ్ళని చూసుకునే వాళ్ళందరం ఒకచోట చేరాం, మళ్ళీ ఈ మారుపేర్లు ఎందుకని మొదట్లో అనుకున్నాను. తర్వాత బస్సులో నిలబడి మీ పరిచయాలన్నీ చదివాను. అడ్మిన్ 'సగం గ్లాసు' గారి భర్త జబ్బుపడ్డాక ఒకసారికి సగం గ్లాసు నీళ్ళే తాగగలిగేవారట. ఆయన పోయి మూడేళ్ళయినా ఆవిడ ఎవరికి నీళ్ళిచ్చినా సగం పోసి ఆపేస్తారట. అది చదివి నేను దిగాల్సిన స్టాపు దాటిపోయాను. 'తాళంచెవి' గారి అన్నయ్య అన్నిటికీ తాళంచెవి అనే అంటాడు. ఆకలేసినా తాళంచెవే, నిద్రొచ్చినా తాళంచెవే, భార్య మీద కోపమొచ్చినా తాళంచెవే.

నాకు మాత్రం పేరేమీ తోచలేదు. ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకి పోనివ్వడం లేదు. నేను డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో గుమాస్తాని. నా కిటికీ మీద వేలాడే బోర్డు గుర్తొచ్చి 'చిరునామా మార్పు' అని కొట్టేశాను. మర్నాడే మీలో ఇద్దరు విడిగా మెసేజ్ పెట్టి, ఇల్లు మారామమ్మా, ఏమేం కాగితాలు తేవాలి అని అడిగారు. చెప్పాను కూడా. ఆ పేరు ఎందుకు మార్చుకున్నానో చెప్పాలంటే ఆ వారమంతా చెప్పాలి.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. నాన్న పైపుల పని చేసేవాడు. అమ్మ ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో ఇరవై ఏడేళ్ళు మడత బల్ల దగ్గర పని చేసింది. మేముండేది ఆ లాండ్రీ వెనక వీధిలో. ఆ వీధిలో ఎవరింటికి ఏ కాగితం వచ్చినా చదివించుకోవడానికి మా గుమ్మం దగ్గరికే తెచ్చేవారు. నేను పైకి చదివి, అర్థం చెప్పేదాన్ని. నేను చెప్పాక ఇంకెవర్నీ అడిగేవారు కాదు. అది నాకు గొప్పగానే ఉండేది. కాదంటే అబద్ధమవుతుంది.

అమ్మ పని గురించి కొంచెం చెప్పాలి. రోలర్ మిషన్లోంచి దుప్పటి చేతులు కాలేంత వేడిగా బయటికొస్తుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో కొస పట్టుకుంటారు. నిలువునా సగానికి ఒక మడత, మళ్ళీ సగానికి ఇంకోటి. ఇద్దరూ దగ్గరికి నడిచి కొసలు కలుపుతారు. అడ్డంగా ఆఖరి మడత వేసి పక్కనున్న దొంతర మీద పెడతారు. అప్పటికి ఇంకో దుప్పటి వచ్చేసి ఉంటుంది. అమ్మకి అవతలి కొస పట్టుకునే ఆవిణ్ణి నేను చిన్నప్పటినుంచీ ఎదురు పిన్ని అంటాను. ఇద్దరికీ రక్తసంబంధం ఏమీ లేదు. ఇరవయ్యేళ్ళపాటు రోజుకి కొన్ని వందలసార్లు ఒకరి దగ్గరికి ఒకరు నడిచారు, అంతే.

అమ్మకి పక్షవాతం వచ్చింది ఆ బల్ల దగ్గరే.

"నా చేతిలో దుప్పటి ఒక్కసారిగా వదులైపోయింది పిల్లా," అని పిన్ని ఆ రోజు ఆసుపత్రి వరండాలో చెప్పింది. "సరిగ్గా లాగవే, పొద్దున్నే నిద్రేంటి అని తిట్టాను. అప్పుడు నా వంక చూసింది. మూతి పక్కకి పోయుంది. తిట్టాక చూశాను, ముందు చూడలేదు."

"నీకు మాత్రం ఎలా తెలుస్తుంది పిన్నీ. పర్లేదులే."

"దాన్ని తిట్టని రోజు లేదులే నేను. ఆ ఒక్కరోజు నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది."

కుడిచెయ్యి, కుడికాలు బలహీనమయ్యాయి. కాలు కొంత తేరుకుంది. మాటే రాలేదు. అమ్మ దగ్గర ఒక్క మాట మిగిలింది: సర్లే. ఏమడిగినా అదే. ఆ మాట ఆమె కావాలని అనడం లేదని, నోరు తెరిస్తే అదే దొర్లి వస్తుందని డాక్టరు చెప్పారు. అది విన్నాక కూడా నాన్న ఊరుకోలేదు.

"టీ తాగుతావా?" వీధి చివర కొట్లోకి వినబడేలా అడిగేవాడు.

"సర్లే."

"పంచదార వెయ్యనా, వద్దా?"

"సర్లే."

"రెంటికీ సర్లే అంటే నేనేం చేసి చావను?"

"నాన్నా, పోయింది మాట. చెవులు బాగానే ఉన్నాయి. మెల్లగా అడుగు."

"మెల్లగా అడిగితే మాత్రం ఇంకోటి చెబుతుందా? ముప్ఫై ఏళ్ళు నేనేమన్నా ముందు కాదనే అంది. ఇప్పుడు అన్నిటికీ ఒప్పేసుకుంటోంది. నాకిది చూస్తే భయమేస్తోందే."

ఆ సోమవారం పరీక్ష దేనికంటే, ఆసుపత్రికి ఆనుకుని ఒక రిహాబ్ సెంటరు ఉంది. అక్కడ మాట నేర్పే సీట్లు పన్నెండే. సీటు దొరికితే మూడు నెలలు రోజూ గంట సేపు నేర్పుతారు. పరీక్షలో ఇరవైకి ఎనిమిది మార్కులైనా రావాలి. శుక్రవారం మీటింగులో ఎవరికి సీటిచ్చేదీ తేలుస్తారు. రానివాళ్ళకి ఇంట్లో చేసుకోవాల్సినవి రాసిన కాగితం ఒకటిచ్చి పంపించేస్తారు. మొదటి కొన్ని నెలల్లోనే మాట తేరుకునే వీలు ఎక్కువని కూడా వాళ్ళే చెప్పారు. అంటే ఆ సీటు పోతే అమ్మ మాట దాదాపు పోయినట్టే.

పరీక్ష పెట్టిన అమ్మాయిని మా నాన్న మాటల డాక్టరమ్మ అంటాడు. నా వయసే ఉంటుంది. ఆ పొద్దున మాది ఆమెకి ఐదో పరీక్ష. కళ్ళకింద నల్లగా ఉంది, అయినా అమ్మతో మర్యాదగానే మాట్లాడింది. బల్ల మీద చిన్నగా కత్తిరించిన కాగితాల కట్ట ఉంది. ఆఫీసుల్లో ఒకవైపు అచ్చయ్యాక పారేసే కాగితాలు ఉంటాయి చూడండి, అవి.

"అమ్మా, ఈ కాగితం ఎడమచేత్తో తీసుకోండి. సగానికి మడవండి. మడిచి ఒళ్ళో పెట్టుకోండి."

అమ్మ కాగితం తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. తర్వాత బల్ల మీద పరిచి, కుడి మోచేత్తో అదిమిపెట్టి, ఎడమచేత్తో ఒక మడత వేసింది. ఇంకో మడత. ఇంకోటి. ఒక మూల బొటనవేలి గోరంత బయటికి ఉండిపోయింది. దాన్ని బల్ల ఎడమ చివరికి తోసేసి, ఇంకోటిమ్మన్నట్టు డాక్టరమ్మ చేతివంక చూసింది.

రెండోది ఇచ్చారు. అలాగే చేసింది. మూడోదీ అంతే.

"ఒళ్ళో పెట్టుకోమన్నానమ్మా."

"సర్లే," అని అమ్మ మూడోదాన్ని మొదటి రెంటి మీద పెట్టి, అంచులు సమానంగా సర్దింది.

తర్వాత అవును కాదు ప్రశ్నలు. మీరిప్పుడు నిలబడి ఉన్నారా? సర్లే. ఈమె మీ అమ్మా? సర్లే. నేను అడ్డం పడి, ఆవిడ అలిసిపోయింది మేడమ్ అన్నాను.

"తెలుసండీ. కానీ నేను చూసిందే రాయాలి."

నాలుగు మార్కులొచ్చాయి. కాగితం మీద ఇలా ఉంది: సూచనలు గ్రహించలేకపోతున్నారు. ఒకే చర్యను సందర్భం లేకుండా పదేపదే చేస్తున్నారు.

"మీరు ఒప్పుకోకపోతే గురువారం లోపల రాసివ్వొచ్చు," అంది డాక్టరమ్మ. "కానీ కారణం చూపించాలి. ఇంట్లో మాకు బాగా అర్థమవుతోంది అని మాత్రం రాయకండి. అందరూ అదే రాస్తారు."

నేను తల ఊపాను. నా కిటికీ దగ్గర రోజూ నేను చేసే పనీ అదే. కారణం చూపలేదు అని ముద్ర కొట్టి ఫారాలు వెనక్కిస్తాను. ఆ ముద్ర ఇవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

మంగళవారం పొద్దున గ్రూపులో ప్రశ్న పెట్టాను. సగం గ్లాసు గారు వెంటనే రాశారు: "పరిచయం లేకుండా ప్రశ్న పెట్టకూడదమ్మా. గురువారం గడువంటున్నారు కాబట్టి ముందు అడగండి. పరిచయం తర్వాత రాయండి. ఎగ్గొడితే మాత్రం నేను ఊరుకోను." సాయంత్రానికి నలభై మంది దాకా జవాబిచ్చారు. ధైర్యంగా ఉండమని చాలామంది అన్నారు. వాళ్ళందరికీ నమస్కారం. అక్కరకొచ్చింది మాత్రం తాళంచెవి గారు రాసింది. "అర్థమవుతోందని రాయొద్దు. కావట్లేదనీ రాయొద్దు. ఆవిడ ఒక్కో కాగితంతో ఏం చేసిందో వరసగా రాయండి, కెమెరా చూసినట్టు. మీ అభిప్రాయం ఒక్క ముక్క కూడా కలపొద్దు. మా అన్నయ్య విషయంలో మేం ఎంతసేపూ మా అభిప్రాయాలే రాశాం."

బుధవారం భోజనాల వేళ కిటికీ మూసి, ఒక పేజీ రాశాను. పని తేలికగా కనబడింది కానీ ప్రతి వాక్యంలోనూ 'పాపం' అనో 'అయోమయంగా' అనో వచ్చేస్తోంది. కొట్టేసుకుంటూ రాశాను. సాయంత్రం షిఫ్టు దిగి ఎదురు పిన్ని మా ఇంటికొచ్చింది. అమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. పిన్ని అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని టీ తాగుతోంది. రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకుందామని పైకి చదివాను.

"కాగితాన్ని రెండువైపులా తిప్పి చూసింది. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది."

"ఊఁ."

"మూడు మడతలు వేసింది. ఒక మూల బయటికి ఉండిపోయింది."

"ఉండిపోవడమేంటి, వదిలుంటుంది."

"అంటే?"

"ముందు చదువు. తర్వాతేం చేసింది?"

"బల్ల ఎడమ చివరికి తోసింది. మూడు కాగితాలతోనూ అలాగే చేసింది."

పిన్ని గ్లాసు కింద పెట్టింది. "ఆ కాగితాలు శుభ్రంగా ఉన్నాయా?"

"శుభ్రమంటే?"

"మరకుందా, చిరుగుందా అని అడుగుతున్నా. డిగ్రీ చదివావు, ఈ మాత్రం తెలుగు అర్థం కాదా?"

నేను ఆలోచించాను. మూడింటికీ వెనక అచ్చుంది. ఒక దాని మీద సిరా అలుక్కుపోయి ఉంది. ఒకటి రంధ్రం దగ్గర చిరిగింది.

"అదీ సంగతి," అంది పిన్ని. "మిషన్ మనకోసం ఆగదు కదే. దుప్పటికి మరక కనబడిందని పట్టుకుని నడుచుకుంటూ పోతే వెనక పది దుప్పట్లు కుప్పపడతాయి. అందుకని మడత మామూలుగానే వేసి, ఒక మూల బయటికి వదిలి, ఎడమపక్కకి తోసేస్తాం. చివర ఉండే మనిషి ఆ మూల చూసి, తీసి మళ్ళీ ఉతకడానికో కుట్టడానికో పంపిస్తుంది. సూపర్‌వైజరుకి కూడా తెలీదు ఈ సంగతి. తెలిస్తే మడత వంకరపోయిందని మమ్మల్నే దులిపేస్తాడు."

"అయితే అమ్మ..."

"మీ అమ్మ ఆ డాక్టరమ్మకి చెబుతోందే, ఈ సరుకు బాగోలేదమ్మా, మంచిది తెమ్మని." పిన్ని అమ్మ వైపు తిరిగింది. "నీకేమైనా బుద్ధుందా? పరీక్ష పెట్టినా డ్యూటీయేనా? ఒళ్ళో పెట్టుకోమంటే పెట్టుకోవచ్చుగా."

అమ్మ పిన్ని వంక చూసింది. కనుబొమ్మలు పైకి లేపి, ఎడమచేత్తో ఒళ్ళో దుమ్ము దులుపుకున్నట్టు చేసింది.

"అవునులే," అని పిన్ని ఒప్పుకుంది. "మరకపడ్డది ఒళ్ళో ఎవరు పెట్టుకుంటారు."

నాన్న గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. లోపలికొచ్చి, చాలా మెల్లగా, నేను కూడా చెవి ఒగ్గి వినాల్సినంత మెల్లగా, టీ కావాలా అని అమ్మని అడిగాడు.

నాకు సంతోషం కలగాల్సిన చోటది. కలిగింది కూడా, ఒక నిమిషం. అంతలో పిన్ని గ్లాసులోకి చూస్తూ, "ఆవిరి కూడా ఇలాగే చేసిందని మీ అమ్మ అప్పుడే చెప్పింది," అంది.

ఆవిరత్త అదే లాండ్రీలో ఇస్త్రీ దగ్గర ఉండేది. రోజంతా కళ్ళజోడుకి ఆవిరి పట్టి ఉండేది కాబట్టి ఆ పేరు. నాలుగేళ్ళ క్రితం ఆవిడకీ పక్షవాతం వచ్చింది. ఆవిడకీ మాట పోయింది. అదే సెంటర్లో పరీక్ష పెట్టారు, సీటు రాలేదు. వాళ్ళబ్బాయి టైర్ల కొట్లో పని చేస్తాడు. సెంటరు వాళ్ళిచ్చిన కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. నేనూ అమ్మా వాళ్ళింటికి వెళ్ళాం. ఆవిరత్త మంచం మీద కూర్చుని ఉంది. నేను మూడడుగుల దూరంలో నిలబడి పైకి చదివాను. సూచనలు గ్రహించలేకపోతున్నారు. శిక్షణ వల్ల ప్రయోజనం కనిపించడం లేదు.

"అంటే ఏంటక్కా?" అన్నాడు.

"మనం చెప్పేది ఆవిడకి తెలియట్లేదని. నేర్పించినా లాభం లేదంటున్నారు."

ఆవిరత్త ఒళ్ళో ఒక తువ్వాలు ఉంది. దాన్ని మడిచి, ఒక మూల బయటికి వదిలి, మంచం ఎడమ చివరికి తోసింది. నేను చూశాను. నాతోపాటు అమ్మా చూసింది. అదేమిటని నేను అడగలేదు. ఆ తువ్వాలుకి చిరుగుందో లేదో కూడా నాకు గుర్తులేదు.

ఇంటికి నడుస్తుంటే అమ్మ అంది, "దానికి తెలుస్తోందే."

"పెద్ద డాక్టర్లు పరీక్ష పెట్టి రాశారమ్మా. నీకెలా తెలుస్తుంది?"

"సర్లే," అంది అమ్మ. నేను గట్టిగా మాట్లాడినప్పుడల్లా అమ్మ అనేది అదే.

ఆ తర్వాత ఆవిరత్త రెండేళ్ళు బతికింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. అన్నం పెట్టేవాళ్ళు, స్నానం చేయించేవాళ్ళు. ఏ లోటూ చెయ్యలేదు. ఆవిణ్ణి ఏదీ అడిగేవాళ్ళు కాదు, అంతే. తెలియదని నేను చెప్పాను కదా. ఆవిడ పోయినప్పుడు మరణం నమోదు చేసే ఫారం కూడా నేనే నింపాను.

గురువారం పొద్దున పిన్ని సగం షిఫ్టు వదులుకుని మాతో వచ్చింది. డాక్టరమ్మ నా పేజీ చదివింది. పిన్ని చెప్పింది విన్నది. తర్వాత లేచివెళ్ళి, విప్పని తెల్లకాగితాల కట్ట తెచ్చి, మాకు వీపు పెట్టి ఏదో చేసుకుని, పది కాగితాలు అమ్మ ముందు పెట్టింది.

"మీరిద్దరూ మాట్లాడకూడదు," అంది మాతో.

"నేనెప్పుడు మాట్లాడాను," అంది పిన్ని.

అమ్మ ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి చూసింది. మడిచింది. కొన్నిటి మూలలన్నీ కలిపి, కుడివైపు పేర్చింది. కొన్నిటికి మూల వదిలి ఎడమవైపు తోసింది. ఎడమచెయ్యి ఒక్కదానితో పది కాగితాలకి పావుగంట పట్టింది. చివరికి ఎడమవైపు ఐదున్నాయి. డాక్టరమ్మ వాటిని విప్పింది. నాలుగింటి మీద తను పెన్సిలుతో పెట్టిన చుక్కలున్నాయి. ఐదోదాని మీద ఏమీ లేదు.

"ఇదొకటి తప్పు," అంది నెమ్మదిగా. "అయినా చాలా బాగా చేశారు."

పిన్నికి ఆగలేదు. "అంచు చూడండమ్మా."

డాక్టరమ్మ కాగితం తిప్పింది. కింది అంచులో కట్టింగు మిషన్ కొరికిన చిన్న నొక్కుంది. ఆమె దాన్ని వేలితో తడిమి చూసింది. తర్వాత కుడివైపు దొంతరలోంచి ఒకటి తీసి, "అమ్మా, ఇది ఒళ్ళో పెట్టుకోండి," అంది. అమ్మ పెట్టుకుంది.

శుక్రవారం మీటింగు గంటన్నర జరిగిందట. మడతలు వేరు, మాటలు వేరు అని కొందరన్నారట. వాళ్ళదీ తప్పని నేననను. చివరికి మూడు నెలలు కాకుండా ఆరు వారాలు ఇచ్చారు. ఆ ఆరు వారాలూ నేను పొద్దున అమ్మని దింపి ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళాను. పైవాళ్ళ చేత మాటలు పడ్డాను. సాయంత్రాలు బస్సులో నిలబడే నిద్రపోయాను. ఆరు వారాలయ్యేసరికి అమ్మకి నాలుగు మాటలొచ్చాయి. మొదటొచ్చింది 'వద్దు'. రెండు రోజులు అన్నిటికీ వద్దంది. నాన్న వీధిలో అందరికీ చెప్పుకున్నాడు, మా ఆవిడ మామూలు మనిషైపోయిందని. ఆ నాలుగు మాటల తర్వాత ఇంకేవీ రాలేదు. వస్తాయో రావో తెలియదు. అమ్మకీ విసుగ్గానే ఉంది, నాకూ ఉంది. డాక్టరమ్మ ఇప్పుడు పరీక్షకి ముందు ప్రతివాళ్ళనీ ఏం పని చేసేవారని అడుగుతోందట.

మిగిలింది ఒకటి. దాన్ని చాలా రోజులు వాయిదా వేశాను. పోయిన శనివారం టైర్ల కొట్టుకి వెళ్ళి ఆవిరత్త కొడుక్కి అంతా చెప్పాను. మూల సంగతి, తువ్వాలు సంగతి, దారిలో అమ్మ నాతో అన్న మాట, నేను అమ్మని నోరెత్తనివ్వకపోవడం. అతను పని ఆపలేదు. చక్రం బిగిస్తూనే విన్నాడు.

"కాగితంలో ఉందే కదక్కా నువ్వు చదివావు."

"చదివాను. పక్కనే మనిషి కూర్చునుంది, చూడలేదు."

అతను పానా కింద పెట్టి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "అయితే ఆ రెండేళ్ళూ అమ్మకి అన్నీ తెలుస్తూనే ఉన్నాయా?"

"అన్నీ అని చెప్పలేను. చాలావరకు తెలిసే ఉంటుంది."

"మేం ఆవిడ ముందే మాట్లాడుకున్నామక్కా," అన్నాడు. "ఎన్నాళ్ళని ఈ చాకిరీ అని. ఆవిడ పక్కనే కూర్చుని, ఆవిడ లేనట్టు."

నాకు తెలిసిన ఏ ఫారంలోనూ ఆ మాటకి గడి లేదు. కొట్టు ముందు బండి ఆగితే అతను లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నువ్వేదో గ్రూపులో రాస్తావంటగా. పిన్ని చెప్పింది. ఈసారి రాసేటప్పుడు మా అమ్మ గురించి కూడా రాయక్కా. అర్థమయ్యేదని రాయి."

అందుకని 'చిరునామా మార్పు' తీసేసి 'బయటి మూల' అని పెట్టుకున్నాను. నేను ఎప్పుడూ ఆ ఒక్క వీధిలోనే ఉన్న గుమాస్తాని, కాగితం చూసి మనిషిని చూడనిదాన్ని, మా అమ్మని చూసుకుంటున్నాను. పరిచయం ఇంతే.

ఇక్కడ ప్రతివాళ్ళం ఎవరో ఒకరి తరఫున చేరాం. ఆవిరత్త తరఫున ఎవరూ చేరలేదు. ఆవిడ పొట్టిగా ఉండేది. నవ్వితే దగ్గొచ్చేది, దగ్గుతూనే నవ్వేది. అందరికంటే అరగంట ముందొచ్చి, తక్కినవాళ్ళు వచ్చేసరికి ఇస్త్రీ మిషన్ వేడెక్కించి ఉంచేది. మాట పోయాక కూడా రెండేళ్ళపాటు తన చుట్టూ అందరూ మాట్లాడుకున్నదంతా విన్నది. దయచేసి ఆవిణ్ణి గుర్తుపెట్టుకోండి.